లెక్కలో లేని కట్ట

ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే మా మేడమ్ నా పటంలోంచి రంగులన్నీ తీసేయించారు.

శంషాబాద్ చుట్టుపక్కల భూములను ముందు ముందు ఎలా వాడుకోవాలో తేల్చే ప్రణాళిక అది. ఎక్కడ గోదాములు రావచ్చు, ఎక్కడ ఇళ్లు కట్టవచ్చు, ఏ నేలను సాగుకే వదిలేయాలి అన్నది చెప్పాలి. ప్రభుత్వ కార్యాలయానికి ఆ పని చేసిపెట్టే ఒక చిన్న సంస్థలో నేను చేరాను. మా పద్ధతి చెప్పుకోవడానికి తేలికే. ప్రాంతం మొత్తాన్నీ కంప్యూటర్‌లో గళ్లుగా కోస్తాం. ఒక్కో గడి ముప్పై మీటర్ల పొడవు, ముప్పై మీటర్ల వెడల్పు. హైవే ఎంత దూరం, నేల వాలు ఎంత, మట్టి ఎలాంటిది, వాన పడితే నీళ్లు చేరతాయా అని ప్రతి గడికీ ఒక్కో అంశంలో మార్కులు వేస్తాం. ఏ అంశానికి ఎంత విలువ ఇవ్వాలో ముందే అనుకుని, అన్నీ కలిపితే ఆ గడికి వందకు ఇన్ని అని ఒక అంకె వస్తుంది. ఈ ఏర్పాటు మొత్తాన్నే మోడల్ అనేవాళ్లం.

నేను ఆ గళ్లకు పచ్చ నుంచి ఎరుపు దాకా రంగులు వేసి పెద్ద తెర మీద చూపించాను. చాలా గర్వంగా ఉండింది నాకు. మేడమ్ కళ్లజోడు తుడుచుకుని కాసేపు చూసి, బాగుందన్నారు. తర్వాత మెల్లగా అన్నారు: "ఇప్పుడు రంగులు తీసెయ్. రంగు చూస్తే నమ్మాలనిపిస్తది. ఉత్త అంకె చూస్తే, ఇది ఎట్ల వచ్చిందని అడగాలనిపిస్తది."

ఆమెకు అప్పటికి యాభై అయిదేళ్లు ఉంటాయి. షాద్‌నగర్ దగ్గరి పల్లెలో రైతు కుటుంబంలో పుట్టి, గణాంక శాస్త్రం చదివి, కొన్నాళ్లు కాలేజీలో పాఠాలు చెప్పి ఈ పనిలోకి వచ్చారు. రోజూ షాద్‌నగర్ నుంచి బస్సులోనే వచ్చేవారు. నూలు చీర, చేతిసంచిలో టిఫిన్ డబ్బా, దాని కింద పాత కాన్వాస్ బూట్లు. ఆ బూట్లు ఎందుకో నాకు మొదటి శుక్రవారం తెలిసింది.

ప్రతి శుక్రవారం ఆమె చీట్లు తీసినట్టు మోడల్‌లోంచి పది గళ్లు తీయించేవారు. మేం జీపులో వెళ్లి ఆ పది చోట్లా నిలబడాలి. మోడల్ ఏం చెప్పింది, అక్కడ ఏం ఉంది అని రెండు వరుసలు రాయాలి. వనస్థలిపురంలో చెట్ల నీడ ఉన్న వీధిలో పెరిగినదాన్ని, గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన గుమస్తా కూతుర్ని, ఎండలో గళ్లు వెతుక్కుంటూ తిరగడం నాకు నచ్చలేదు. ఇంట్లో అమ్మతో సణిగేదాన్ని. మూడో శుక్రవారం మా మోడల్ ఇళ్లకు భేషైన స్థలమని చెప్పిన గడికి వెళ్తే అక్కడ సమాధులున్నాయి. నాకు నవ్వొచ్చింది. మేడమ్ నవ్వలేదు. ఒక సమాధి మీద ఎవరో ఆ ఉదయమే పూలు పెట్టి వెళ్లారు. ఆమె బూట్లు విప్పి, కాసేపు నిలబడి, బయటికొచ్చాక తన నోటుపుస్తకంలో రాసుకున్నారు. ఆ పుస్తకం నిండా ఇలాంటి తప్పులే ఉండేవి. మొదటి పేజీల్లో ఉన్నవన్నీ, నేను పుట్టకముందు ఆమె సొంతంగా చేసిన తప్పులు.

ఆ తర్వాత సణగడం కొంత తగ్గించాను.

ముసాయిదా పటం తయారయ్యాక ఊళ్లలో పెట్టి అభ్యంతరాలు వినాలి. శంషాబాద్ నుంచి జల్‌పల్లి వైపు వెళ్లే దారిలో ఉన్న ఒక ఊరికి మేమిద్దరం వెళ్లాం. వార్డు ఆఫీసు ముందు షామియానా వేసి, పటాన్ని బల్ల మీద పరిచారు. విమానం దిగుతున్నప్పుడల్లా జనం మాట ఆపి, అది దాటిపోయాక ఆపిన చోటి నుంచే అందుకునేవారు. ఊరికి దిగువన, గుట్ట కింద ఉన్న ఒక ముక్కను మా మోడల్ నీళ్లు నిలిచే చోటుగా చూపించింది. అక్కడ ఏమీ కట్టకూడదని రాశాం.

అరవై దాటిన ఒకామె ముందుకొచ్చింది. కొంగు నడుముకు చుట్టుకుని ఉంది, వేళ్లకు బంతిపూల పసుపు అంటి ఉంది. ఆ ముక్కలో రెండెకరాలు ఆమెవే. బంతి, ఆకుకూరలు పండించి, పూలను ఆటోలో గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పంపుతుందట. తన చేను పటంలో ఎక్కడుందో అడిగి తెలుసుకుని, దాని మీద వేలు పెట్టింది.

"గిక్కడ నీళ్లు నిలుస్తయని రాసిండ్రంట. ఎవరు సూసిండ్రు?"

నేనే జవాబు చెప్పాను. నీళ్లు వాలు ఎటుంటే అటే పోతాయని, గుట్ట మీది నుంచి వాలు నేరుగా ఆమె పొలానికే ఉందని, ఉపగ్రహం కొలిచిన ఎత్తులతో కంప్యూటర్ లెక్క కట్టిందని చెప్పాను. మర్యాదగానే చెప్పాననుకున్నాను. కానీ చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పానని ఆమె మొహం చూస్తే తెలిసింది.

"నలభై ఏండ్లాయె బిడ్డా నేను ఈ ఇంటికొచ్చి. ఒక్క వానకాలం గూడ నా చేన్ల నీళ్లు నిలవలే" అంది.

నేను మళ్లీ వాలు గురించి మొదలుపెట్టబోయాను. మేడమ్ నా మోచేతి మీద చెయ్యి వేసి ఆపి, ఆమెను అడిగారు.

"మరి గుట్ట మీద పడ్డ వాన యాడికి పోతది అక్కా?"

నేనూ ఆమే అంతసేపు వాదించుకున్నది నీళ్లు వస్తాయా రావా అని. రాకపోతే ఎక్కడికి పోతున్నాయని అడగాలని నాకు తట్టలేదు. నేను అంతగా నమ్ముకున్న లెక్కలో ఉన్న ప్రశ్నే అది. గుట్ట మీద పడ్డ చుక్క ఎక్కడో ఒక చోటికి చేరాలి కదా.

ఆమె మేడమ్‌ను కిందినుంచి పైదాకా ఒకసారి చూసింది. "నడుస్తవా చెల్లె? సూపిస్త" అంది. మేడమ్ అక్కడే బెంచీ మీద కూర్చుని కాన్వాస్ బూట్లు తొడుక్కున్నారు.

పావుగంటకు పైగా ఎక్కాం. దారంతా సర్కారు తుమ్మ. ఆమె చేతిలో కొడవలితో కొమ్మలు పక్కకు తోస్తూ ముందు నడుస్తుంటే, నా చున్నీ ముళ్లకు తగులుకుని రెండు చోట్ల చిరిగింది. గుట్ట నడుములో ఒకచోట ఆమె ఆగింది. తుమ్మ వెనకాల, రాళ్లు పేర్చి మట్టి మెత్తిన ఒక కట్ట కనిపించింది. నా నడుము ఎత్తు ఉంటుంది. వెడల్పు మూడు నాలుగడుగులు. కానీ పొడవు మాత్రం కంటికి ఆనలేదు. గుట్ట వంపును పట్టుకుని అలా పోతూనే ఉంది. పైనుంచి వచ్చే ఒర్రె, వాననీటి చిన్న వాగు, దాని దాకా వచ్చి, దాన్ని ఆనుకుని తూర్పుకు తిరిగి, ఆవలి వైపున్న కుంటలోకి దిగుతోంది. చేను వైపుకు చుక్క రాదు.

ఎవరు కట్టారని మేడమ్ అడిగారు. తన అత్తకే తెలియదంది. మరి ఇంత గట్టిగా ఎలా ఉందంటే, తనూ తన తోడికోడలూ చూసుకుంటున్నామని చెప్పింది. మిరుగం, అంటే మృగశిర కార్తె, రాకముందే, ఎండలు మండుతుండగానే, ఇద్దరూ ఇక్కడికొస్తారు. కట్ట మీద మొలిచిన తుమ్మ నరుకుతారు. ఎలుక బొక్కలు వెతికి పూడుస్తారు. కుంటలోంచి బంకమట్టి తట్టలతో మోసుకొచ్చి తొక్కుతారు. ఇదివరకు ఊళ్లో పది ఇళ్ల వాళ్లు కలిసి చేసేవారట. మగవాళ్లు కొందరు విమానాశ్రయంలో పనికి, కొందరు గగన్‌పహాడ్ ఫ్యాక్టరీలకు పోయాక, కొందరు భూములు అమ్ముకున్నాక, చివరికి వీళ్లిద్దరే మిగిలారు. ఎన్నేళ్లుగా అంటే లెక్క లేదంది.

ఎందుకు చేస్తున్నారని నేను అడిగాను. నాకు అప్పటికి ఇంకా కొంచెం పొగరుంది. ఆమె నన్ను వింతగా చూసింది. "చెయ్యకుంటే తోట పోతది గద" అంది.

మా లెక్కలో ఆ కట్ట లేదు. మా గడి ముప్పై మీటర్లు. మూడు నాలుగడుగుల కట్ట అందులో కలిసిపోతుంది. పైగా ఉపగ్రహానికి కనిపించింది నేల కాదు, తుమ్మ చెట్ల తలలు. ఇదంతా ఆమెకు ఎలా చెప్పాలా అని నేను ఆలోచిస్తుండగా, మేడమ్ కింద కూర్చుని పుల్లతో మట్టిలో గళ్లు గీశారు. ఒక్కో గడిలో ఒక్కో రాయి పెట్టారు. ఎత్తైన చోట పెద్ద రాయి, పల్లంలో చిన్న రాయి. మా దగ్గర ఉన్నది ఈ రాళ్ల లెక్క ఒక్కటేనని, నీళ్లు పెద్ద రాయి నుంచి చిన్న రాయికి పోతాయని మాత్రమే కంప్యూటర్‌కు తెలుసునని చెప్పారు. ఆమె మోకాళ్ల మీద చేతులానించి వంగి చూసింది. అర్థమవడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"అంటే మీ దాంట్ల గీ కట్ట లేదు."

"లేదక్కా."

"అందుకే నా చేను మునిగింది."

"అవును" అన్నారు మేడమ్.

తర్వాతి వారం ఎత్తులు కొలిచే లెవెల్ యంత్రం తెచ్చి కట్టను ఈ కొస నుంచి ఆ కొస దాకా కొలిచాం. కొలకర్ర నేను పట్టుకున్నాను. టేపు ఒక కొస ఆమె పట్టుకుంది. ఆమె తోడికోడలు మాకు మజ్జిగ తెచ్చింది. ఎక్కడ కట్ట బలహీనమో యంత్రం కన్నా ముందే వాళ్లిద్దరూ చెప్పేవారు. మేడమ్ అవి కూడా రాసుకుని, కొలత వచ్చాక పక్కన టిక్కు పెట్టేవారు.

ఆఫీసుకొచ్చి మోడల్‌ను రెండుసార్లు నడిపాం. కట్ట ఉన్నట్టు ఒకసారి, లేనట్టు ఒకసారి. కట్ట ఉంటే ఆ ముక్క పొడిగా ఉంది, ఆమె చెప్పినట్టే. కట్ట లేకపోతే నీళ్లు ఆమె చేన్లోంచి పోయి, దిగువన కొత్తగా ఇళ్లు లేచిన కాలనీలోకి దిగుతున్నాయి. సరే, తప్పు తెలిసింది, దిద్దుదాం అనుకున్నాను. మేడమ్ మాత్రం తెర ముందునుంచి కదల్లేదు. రోడ్ల పటం తెచ్చి దీని మీద పెట్టమన్నారు. పెట్టాను. హైవేకు కలిపే కొత్త లింకు రోడ్డు గీత సరిగ్గా ఆ కట్ట మీదుగానే పోతోంది. రోడ్డు వేస్తే కట్ట పోతుంది.

మేం తప్పు అనుకున్న మొదటి లెక్క, నిజానికి ఆ రోడ్డు వేశాక జరగబోయేది. రోడ్డు గీసినవాళ్లకు కట్ట తెలియదు. కట్ట కాచుకుంటున్న వాళ్లకు రోడ్డు తెలియదు. ఆ రెండూ మొదటిసారి ఎదురుపడింది మా గళ్లలోనే. అంతకుముందు నాకు మోడల్ అంటే గర్వం ఉండేది. ఆ రోజు నుంచి గౌరవం కలిగింది. అది వేరే సంగతి అని ఇప్పుడు తెలుసు.

అదే సాయంత్రం ఇంకో సంగతి కూడా తెలిసింది. ఆ ఊరి పాత సర్వే పటం, నక్షా అంటారు, దాని స్కాను తీసి చూశాను. కట్ట అందులో రెండు సన్నని గీతలుగా ఉంది. నక్షాలో ఉన్న కట్టలు, ఒర్రెలు అన్నీ ఎత్తుల పటం మీద ఎక్కించడం నా పనే. ఈ ఊరి కాగితం మసకగా ఉందని, గడువు దగ్గర పడిందని, నేను దాన్ని వదిలేశాను. ఎవరికీ చెప్పకుండా స్కాను మూసేశాను.

ప్రభుత్వ కార్యాలయంలో సమావేశం సోమవారం. పెద్ద అధికారి కొంచెం చిరాగ్గానే ఉన్నారు. ముసాయిదా జనంలోకి వెళ్లాక మార్చడమేమిటి, ఒక పటం ఇమ్మంటే రెండు తెచ్చారేమిటి అన్నారు. ఈ పొరపాటు ఎవరిదని అడిగారు.

"నాది సార్. పాత నక్షాలో కట్ట ఉంది. మా పటంలో ఎక్కలేదు. చూసి సంతకం పెట్టింది నేను" అన్నారు మేడమ్.

ఆ తర్వాత, ఏ తడబాటూ లేకుండా, రెండు పటాలూ పక్కపక్కన పెట్టి వివరించారు. కట్ట సంగతి ఎవరు చెప్పారని అధికారి అడిగితే, ఆ చేను ఉన్నామె బయటే కూర్చుని ఉన్నారు, పిలుస్తానన్నారు మేడమ్. పొద్దున బస్సులో తనతోపాటు తీసుకొచ్చారని నాకప్పుడే తెలిసింది. ఆమె ఉతికిన చీర కట్టుకుని, చేతిలో నీళ్ల సీసాతో లోపలికొచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చుంది. అడిగినవాటికి సూటిగా చెప్పింది. చివర్లో తనే ఒకటి అడిగింది.

"నాకు శాతనైనన్ని దినాలు నేను మట్టి పోస్త సార్. అటెన్క ఎవరు పోస్తరో మీ కంప్యూటర్‌ల రాసిండ్రా?"

అధికారి కలం మూత తీసి, పెట్టి, మళ్లీ తీశారు. మేడమ్ మాత్రం రాసుకుంటున్నారు. ఆ వారమే మూడోసారి మోడల్ నడిపాం. ఈసారి కట్ట ఉంది, కానీ ఎవరూ మట్టి పోయడం లేదు, బలహీనమైన చోట్ల ఒక్కొక్కటిగా తెగుతోంది అనుకుని. వాళ్లిద్దరూ చూపించిన చోట్లనే తీసుకున్నాం. ఆ మూడో పటమే అధికారి మనసు మార్చిందని నా నమ్మకం.

సమావేశం అయ్యాక బస్టాపులో నిలబడి ఉండగా మేడమ్‌తో నా తప్పు చెప్పుకున్నాను. ఆమె బస్సు వచ్చే వైపే చూస్తూ, తెలుసన్నారు. నక్షా తను కూడా తీసి చూశారట.

"మరి నా పేరు ఎందుకు చెప్పలేదు మేడమ్?"

"వాళ్లకు నీ పేరు తెలిస్తే ఏమొస్తది? నువ్వు ఇంకో ఊరి నక్షా ఏదన్నా వదిలేసినవా, అది చెప్పు ముందు."

వదిలేసినవి ఇంకో రెండున్నాయి. చెప్పాను. మర్నాడు పొద్దున్నే ఇద్దరం కూర్చుని వాటిని ఎక్కించాం. ఆమె ఆ మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. నేను పని నేర్చుకున్నది ఆ ఉదయమేనని ఎవరడిగినా చెబుతాను.

అంతా మేం కోరినట్టు జరగలేదు. రోడ్డు గీతను పక్కకు జరిపారు కానీ, తూర్పు కొసలో కట్టను కొంతమేర కోయక తప్పలేదు. అక్కడ రోడ్డు కిందుగా మోరీ కట్టి నీళ్లు కుంటకు పోయేలా చేశారు. మిగిలిన కట్టను ప్రణాళికలో జలమార్గంగా గుర్తించి, ఎవరూ చెరపకూడదని, ఏటా మరమ్మతు చేయించాల్సింది మున్సిపాలిటీయేనని రాశారు. రోడ్డు పడ్డాక వచ్చిన రెండో వానాకాలంలో ఒకసారి రాత్రంతా కుండపోతగా కురిసింది. పొద్దున్నే బండి వేసుకుని వెళ్లాను. మేడమ్ నాకన్నా ముందే వచ్చి, బూట్ల నిండా బురదతో మోరీ దగ్గర ఉన్నారు. నీళ్లు ఎర్రగా సుళ్లు తిరుగుతూ మోరీలోంచి కుంటలోకి పోతున్నాయి. కాలనీ పొడిగా ఉంది. చేను కూడా, ఒక మూల తప్ప. ఆ మూల రెండు సాళ్ల బంతి మడమల్లోతు నీళ్లలో ఉంది. మా మూడు పటాల్లో ఏదీ ఆ మూల సంగతి చెప్పలేదు.

"గీ రెండు సాళ్లు పోయినయి చెల్లె" అందామె, మేడమ్‌తో, కోపం లేకుండా. ఏడాదికి ఎన్ని చెట్లకు ఎంత పువ్వు వస్తుందో చెప్పినట్టే చెప్పింది. మేడమ్ ఆ మూలకు దిగి, నీళ్లు ఎటునుంచి వచ్చాయో వెతుకుతూ గంటసేపు తిరిగారు. రోడ్డు పక్కన పోసిన మట్టి దిబ్బ అడ్డుపడి నీళ్లు ఇటు మళ్లాయని తేలింది. ఇద్దరూ ఆ దిబ్బ మీద నిలబడి చేతులు చూపిస్తూ మాట్లాడుకోవడం నేను గట్టు మీది నుంచి చూశాను. ఒకరికి అంకెలు వచ్చు, ఒకరికి నేల వచ్చు అని విడదీసి చెప్పడం నాకు చేతకాదు. అప్పటికి ఇద్దరికీ రెండూ కొంత కొంత వచ్చేశాయి. ఆ దిబ్బను తీయించడానికి నెల పట్టింది.

మేడమ్ రిటైరై షాద్‌నగర్‌లోనే ఉంటున్నారు. చీట్లు తీసి గళ్ల దగ్గరకు వెళ్లే పని ఇప్పుడు నేను చేయిస్తాను. కొత్తగా చేరిన వాళ్లు సణుగుతారు.

మరమ్మతు మొదటి ఏడాది మున్సిపాలిటీ వాళ్లు జేసీబీ పంపారు. అది కట్ట రాళ్లు కదిలిస్తుంటే ఆమె ఎదురుగా పోయి నిలబడి ఆపించిందట. ఆ తర్వాత నుంచి కూలికి మనుషులను పంపుతున్నారు. తోడికోడలికి మోకాళ్ల నొప్పులు, గుట్ట ఎక్కలేదు. ఈ వేసవిలో నేను వెళ్లేసరికి ఇద్దరు ఆడకూలీలు మట్టి మోస్తున్నారు. ఆమె తుమ్మ నీడలో కూర్చుని, ముందు రాయి దోపాలి, పైన తడిమట్టి, ఆ పైన తొక్కుడు అని వాళ్లకు చెబుతోంది. ఒక తట్ట ఖాళీగా ఉంది. చెప్పులు విప్పి నేనూ దిగాను. మధ్యాహ్నానికి నా అరచేతులు బొబ్బలెక్కాయి. నేను పోసిన చోటును ఆమె వచ్చి మడమతో నొక్కి చూసింది. మళ్లీ తొక్కమంది. రెండోసారి కూడా తల అడ్డంగా ఊపింది. మూడోసారి తొక్కాక, "ఇగ ఆగుతది" అంది.